మహారాజశ్రీ ‘ఒక్క చిన్న మార్పు’ గారి సముఖానికి

అయ్యా,

ఉత్తరాన్ని ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టడం పెద్దలు నేర్పిన మర్యాదే గాని, ఈ ఉత్తరంలో ఆ మాట రాస్తే అబద్ధమవుతుంది. తమరు క్షేమంగా ఉండటమే కాక నానాటికీ ఒళ్లు చేస్తున్నారని కళ్లారా చూస్తున్నాం. ఇక్కడ మేము, అంటే ఒక పాల ఉత్పత్తిదారుల సంఘానికి మొబైల్ యాప్ తయారు చేసి ఇస్తామని ఒప్పుకొని హైదరాబాదులో ఒక అద్దె గదిలో కూర్చున్న ఏడుగురం, నాలుగు నెలల్లో ముగిస్తామన్న పనిని పదకొండో నెలలోనూ ముగిస్తూనే ఉన్నాం. ఇంత ఆలస్యం ఎందుకైందని సంఘం వారు నిలదీసినప్పుడు జవాబు కోసం పాత సందేశాలన్నీ తిరగేశాం. పెద్ద ఆపద ఏదీ కనబడలేదు. సర్వర్ తగలబడలేదు, ఎవరూ ఉద్యోగం మానలేదు, డబ్బు కరువు రాలేదు. ప్రతి వారంలోనూ కనబడ్డది తమరి పేరే.

ఆ పేరుకు ముందు ‘ఒక్క’ అన్న బిరుదును ఎవరు తగిలించారో గాని, తమరు ఒంటరిగా వచ్చిన దాఖలా మా దగ్గర లేదు. మొదటి సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడు ‘నాకేమీ వద్దండీ, మంచినీళ్లు చాలు’ అంటూ గుమ్మం దాటినట్టు, తమరూ ఒక బటన్‌గానో, ఒక రంగుగానో, జాబితాలో ఒక అదనపు వరుసగానో ఎంతో వినయంగా లోపలికి వస్తారు. ఆ బటన్ నొక్కితే తెరుచుకోవలసిన పేజీ, ఆ పేజీకి కావలసిన సమాచారం, దాన్ని దాచుకునే పట్టిక, ఆ పట్టికను ఎవరు చూడవచ్చో ఎవరు చూడకూడదో చెప్పే నియమాలు, నెట్ లేని చోట అదే బటన్ ఏం చేయాలన్న ప్రశ్న, పాత ఫోన్లలో అది సగానికి తెగిపోయి కనబడుతోందన్న ఫిర్యాదు, ఇవన్నీ అల్లుడి వెంట వచ్చిన స్నేహితుల్లా వరసగా దిగుతాయి. వాళ్లందరికీ మర్యాదలు జరిగేసరికి కనుమ కూడా వెళ్లిపోతుంది.

తమరు ఎంచుకునే ముహూర్తాల గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సమావేశం జరిగినంతసేపూ మౌనంగా ఉండి, అందరూ ల్యాప్‌టాప్‌లు మూసే వేళకు ‘అన్నట్టు’ అన్న మాట చాటున వస్తారు. లేదా రాత్రి పదకొండు గంటలకు వాట్సాప్‌లో, ఒక శుభరాత్రి సందేశానికీ ఒక గులాబీ బొమ్మకూ మధ్య ఇరుక్కుని వస్తారు. కాగితం మీదికి మాత్రం ఎన్నడూ రారు. కాగితం మీదికి వస్తే ఎవరు అడిగారో, ఎందుకు అడిగారో రాయవలసి వస్తుందన్న భయం కాబోలు.

మాటలతో తమరు ఒప్పుకోరు గనుక లెక్కతో చెబుతాను. పాల కేంద్రంలో రైతులు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పాలు పోస్తారు. పూటపూటకూ ఎన్ని లీటర్లో, ఫ్యాట్ (పాలలో వెన్న శాతం) ఎంతో చీటీ ఇస్తారు. మేము యాప్‌లోనూ అలాగే రోజుకు రెండు వరుసలు చూపించాం. ఒకనాడు సంఘం పెద్దలలో ఒకరు, వేలితో పైకీ కిందికీ జరుపుకుంటూ చూడటం విసుగ్గా ఉందని, రెండు పూటలనూ కలిపి ఒకే వరుసగా చూపించమని సెలవిచ్చారు. ‘ఏముంది, ఒక్క లైనే కదా’ అన్నారు. మేమూ ఏముందనే అనుకున్నాం. లీటర్లను కూడాం, రెండు పూటల ఫ్యాట్‌నూ కూడి రెండుతో భాగించాం, మధ్యాహ్న భోజనానికి ముందే పని ముగించి మా వేగానికి మమ్మల్ని మేమే మెచ్చుకున్నాం.

పొద్దున 6 శాతం ఫ్యాట్‌తో 6 లీటర్లు, సాయంత్రం 7 శాతం ఫ్యాట్‌తో 4 లీటర్లు పోసిన గేదెల రైతును తీసుకోండి. రెండు శాతాలనూ కూడి సగం చేస్తే 6.5 వస్తుంది. పాలన్నీ ఒకే బిందెలో పోసి కొలిస్తే మాత్రం 6.4 వస్తుంది, ఎందుకంటే ఫ్యాట్ తక్కువున్న పూటే ఆయన ఎక్కువ పాలు పోశాడు. తేడా ఒక శాతంలో పదో వంతే. కాని పాలకు ధర కట్టేది ఫ్యాట్‌ను బట్టే గనుక, ఆ పదో వంతు రోజురోజుకూ పేరుకుని, యాప్‌లో చూసుకున్న సొమ్ముకూ పదిహేను రోజుల బిల్లులో చేతికి వచ్చిన సొమ్ముకూ మధ్య తేడాగా తేలింది. సంఘం ఇచ్చిందే సరైన లెక్క, తప్పు చూపించింది మా యాప్. అయినా తరతరాలుగా పాల కొలతల్లో మోసపోతూ వచ్చిన రైతు తక్కువ సొమ్ము ఇచ్చినవాడిని అనుమానిస్తాడు గాని ఎక్కువ చూపించినదాన్ని అనుమానించడు. మూడు ఊళ్లలో చీటీలు పట్టుకుని కేంద్రం ముందు నిలబడ్డారు. ఆ లైనును సరిచేయడానికి మాకు అరపూట పట్టింది. ఆ మూడు ఊళ్లలో యాప్‌ను మళ్లీ తెరిపించడానికి రెండు నెలలు పట్టింది.

తమరి ప్రతాపం మా అద్దె గదికే పరిమితమని అంటే తమరిని తక్కువ చేసినట్టవుతుంది. 2013 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వం ప్రజలు ఆరోగ్య బీమా కొనుక్కోవడానికి హెల్త్‌కేర్ డాట్ గవ్ అన్న వెబ్‌సైటును తెరిచినప్పుడు, మొదటి రోజున నమోదు పూర్తి చేయగలిగినవారు ఆరుగురు. ఆ వైఫల్యానికి కారణాలు చాలా ఉన్నాయి, వాటిలో ఒకటి మాత్రం అచ్చంగా తమరి చేతి పనే. పథకాలనూ ధరలనూ ముందు చూసుకుని, నచ్చితే ఖాతా తెరుచుకోవచ్చన్న ఏర్పాటును ప్రారంభానికి కొద్ది వారాల ముందు పక్కన పెట్టి, ముందు ఖాతా, తర్వాతే ధరలు అన్నారు. చీర ధర కనుక్కుందామని వచ్చినవాళ్లందరినీ కొట్టు గుమ్మంలోనే ఆపి ఆధార్ కార్డు అడిగినట్టయింది. ఒక్క గుమ్మం, దాని ముందు లక్షల మంది. అంతకు ముందు సంవత్సరం, 2012 ఆగస్టు 1న, అమెరికా షేర్ మార్కెట్లలో నైట్ క్యాపిటల్ అన్న సంస్థ ఎనిమిది సర్వర్లలో ఏడింటికి కొత్త ప్రోగ్రామును ఎక్కించి ఎనిమిదోదాన్ని మరిచిపోయింది. కొత్త పనికి వేరే గుర్తు పెట్టకుండా పాత గుర్తునే వాడుకోవడం వల్ల, ఆ ఎనిమిదో సర్వర్‌లో ఏళ్ల తరబడి నిద్రపోతున్న పాత ప్రోగ్రాము లేచి, ముప్పావుగంటలో 44 కోట్ల డాలర్లకు పైగా తగలేసింది.

మన భాష దగ్గరికి వచ్చేసరికి తమరికి చనువు మరీ ఎక్కువ. రైతులకు వెళ్లే ఎస్సెమ్మెస్‌ను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మారిస్తే చాలన్నారు. ఇది న్యాయమైన కోరిక, మొదటి రోజే మేము చేసి ఉండవలసిన పని, అడిగించుకోవడం మాకు సిగ్గుచేటు. అయితే ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే పడతాయన్న సంగతి మాలో ఎవరికీ ముందుగా తట్టలేదు. పైగా లక్ష్మిలోని ‘క్ష్మి’ మన కంటికి ఒక్క అక్షరమే అయినా యంత్రం లెక్కలో ఆరు. అందుచేత ఒక సందేశంలో ఇమిడే మాట మూడు సందేశాలకు పాకింది, సంఘం నెలనెలా కట్టే సొమ్మూ మూడింతలైంది. ఇది చాలదన్నట్టు, మన దేశంలో ఇలాంటి సందేశాల నమూనాను టెలికాం కంపెనీల దగ్గర ముందుగా నమోదు చేయించాలి, నమూనాకూ పంపిన మాటకూ పొంతన కుదరకపోతే సందేశం దారిలోనే ఆగిపోతుంది. 2021 మార్చి 8న ఈ తనిఖీని గట్టిగా మొదలుపెట్టేసరికి బ్యాంకుల ఓటీపీలే అందక జనం అల్లాడారు, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దాన్ని వారం పాటు నిలిపివేయవలసి వచ్చింది. అంత చరిత్ర ఉన్న ద్వారం దగ్గరికి తమరు, రైతు పేరు పక్కన ‘గారు’ అన్న రెండక్షరాలు చేర్చాలంటూ వేంచేశారు. గౌరవం దగ్గర మేము కాదనలేకపోయాం. నమూనాను మళ్లీ నమోదు చేయించాం.

తెలుగు అక్షరాన్ని తేలిగ్గా తీసుకున్న పాపం మా ఒక్కరిదే కాదని మాత్రం మనవి చేసుకుంటాను. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో సందేశంగా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయేవి, యాపిల్ సంస్థ అదే నెలలో ఐఓఎస్ 11.2.6తో దాన్ని చక్కదిద్దింది. విజ్ఞానంలోని అక్షరం తగిలి అంత ఖరీదైన ఫోన్లు మూర్ఛపోవడం చూసి మనవాళ్లు కొందరు లోలోపల గర్వపడ్డారు కూడా. నేనూ వాళ్లలో ఒకడిని.

పని ఆలస్యమైందని తెలిశాక సంఘం వారు దయతలచి, ఇంకో ఇద్దరు కుర్రాళ్లను వేసుకోమన్నారు. ఆలస్యమైన పనిలో మనుషులను చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందని ఐబీఎంలో భారీ ప్రోగ్రాములు నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశారు. ఏడుగురి మధ్య ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసిన జతలు 21, తొమ్మిదిమందైతే 36. కొత్తవాళ్లకు పాల లెక్క నేర్పే బాధ్యత ఆ లెక్క తెలిసిన ఒకే ఒక్క అమ్మాయి మీద పడింది. నేర్పిన మూడు వారాలూ ఆమె తన పని ముట్టుకోలేదు.

నేరమంతా తమరి మీదికి తోసి మేము చేతులు కడుక్కుంటున్నామని అనుకోకండి. ‘రెండు రోజుల్లో అయిపోతుందండీ’ అని తమరికి వీధి తలుపు తీసింది మేమే. ఎంత సమయం పడుతుందని అడిగితే ఆలోచించి రేపు చెబుతామనడం చేతకానితనమని మా కుర్రతనం నమ్మింది. అంతేకాదు, సర్వర్ నడుమ నడుమ ఆగిపోతున్న రోజుల్లోనే, పేజీ తెరుచుకునేదాకా ఒక లేగదూడ తోక ఊపుతూ కనబడే బొమ్మను ఎవరూ అడగకుండానే తయారు చేశాం. మింగ మెతుకు లేదు గాని మీసాలకు సంపెంగ నూనె. పల్లెలో నెట్ వేగానికి ఆ దూడ రావడమే అరనిమిషం పట్టేది, అసలు లెక్క దాని వెనక నిలబడి ఎదురుచూసేది. ఆ దూడను పుట్టించింది నేను.

చివరకు ఒకనాడు, చేయవలసిన పనిని ఎనిమిదో నెలలో చేశాం. తెల్లవారుజామున అయిదున్నరకు ఒక పాల కేంద్రంలో మూల బల్ల మీద కూర్చుని, ఎవరినీ ఏమీ అడగకుండా చూశాం. పాలు తెచ్చినవారిలో ఆడవాళ్లే ఎక్కువ. సభ్యత్వం భర్త పేరు మీద ఉంది, యాప్ ఉన్న ఫోను పట్నంలో ఉన్న కొడుకు దగ్గర ఉంది, చీటీలు మాత్రం ఈమె కొంగు ముడిలో ఉన్నాయి. ఆమెకు ఫ్యాట్ సగటుతో గాని, మేము రంగులు దిద్దిన పటాలతో గాని నిమిత్తం లేదు. ఈ బిల్లుకు ఇప్పటివరకు ఎంతయింది, దాణా బాకీ పోను ఎంత మిగులుతుంది, అన్నదే ఆమె కొడుకుకు ఫోను చేసి అడిగే ప్రశ్న. అప్పటివరకు మేము ఆలకించిన చిన్న మార్పులలో ఈ ఒక్కటి లేదు, ఎందుకంటే అడిగేవారెవరూ పాలు పోసేవారు కారు. ఇప్పుడు యాప్ తెరవగానే మొదట కనబడేది ఆ ఒక్క అంకె, పెద్ద అక్షరాల్లో. చెప్పవద్దూ, అదీ తమరి వంశంలోనిదే, కాని అది కారణాన్ని చంకన పెట్టుకుని వచ్చింది.

అందుచేత తమరిని గెంటివేయడం మా ఉద్దేశం కాదు, తమరు రాని యాప్ ఎవరూ వాడని యాప్ అని మాకూ తెలుసు. తమరికి ఒక వేళ నిర్ణయించాం, అంతే. మంగళవారం ఉదయం పదకొండు గంటలకు రండి. ఎర్ర అట్ట చిట్టా ఒకటి పెట్టాం. అందులో తమరిని పంపినవారి పేరు, పంపిన కారణం, తమరు లోపలికి వస్తే ఏయే లెక్కలకు తమరి చెయ్యి తగులుతుందో, తమరికి చోటివ్వడానికి ఈ నెల పనుల్లో దేనిని బయటికి పంపాలో రాయించాలి. ఈ చివరి గడి దగ్గరికి వచ్చేసరికి సగానికి సగం మంది చిట్టా మూసేసి, టీ తాగి వెళ్లిపోతున్నారు. మిగిలినవారు లోపలికి వచ్చాక కూడా ఒకేసారి ఊరేగింపు ఉండదు. ముందు ఒకే ఊరి కేంద్రంలో, ఒక బిల్లు కాలం పాటు, యాప్ అంకెనూ చీటీల మొత్తాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తాం, తేడా వస్తే ఆ రాత్రికే పాత పద్ధతికి తిప్పేసే వీలు ఉంచుకుంటాం. ఇక 6 లీటర్లు, 4 లీటర్లు, 6.4 శాతం అన్న ఆ పాత లెక్క ఇప్పుడు మా యంత్రంలోనే కాపలా ఉంది. ప్రోగ్రాములో ఎవరు ఏ అక్షరం మార్చినా ముందు దానికి సరైన జవాబు చెప్పి తీరాలి.

రాత్రి పదకొండు గంటల దర్శనాలు రద్దయ్యాయని గమనించ ప్రార్థన. గులాబీ బొమ్మలకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
తమరి చేత విశేషంగా సత్కరింపబడిన
ఏడుగురిలో ఒకడు

తా.క.: రెండు పూటలనూ కలిపిన ఆ వరుసను, లెక్క సరిచేసి, ఇంకా యాప్‌లోనే ఉంచాం. దాన్ని తెరిచి చూస్తున్నవారు ముగ్గురు, వారిలో ఒకరు దాన్ని అడిగిన పెద్దమనిషి, మిగతా ఇద్దరం అది పనిచేస్తోందో లేదో చూసుకునే మేము. తీసేద్దామని అనుకున్నాం గాని, తీసేయడమూ ఒక చిన్న మార్పే గనుక, చిట్టాలో 14వ నంబరు వేసి మంగళవారం దాకా ఆగమన్నాం.