ఎగుమతి అవుతున్న నిద్రకు రాయితీ ఏది?

2024-25లో మన దేశం 380 బిలియన్ డాలర్లకు పైబడిన సేవలను విదేశాలకు అమ్మిందనీ, సరుకుల వ్యాపారంలో పడిన లోటులో సగానికి మించి సేవల మిగులే పూడ్చిందనీ లెక్కలు చెబుతున్నాయి. ఇంతటి ఘనతకు ఆధారమైన ముడిసరుకు పేరు మాత్రం ఏ నివేదికలోనూ కనిపించదు. ఆ ముడిసరుకు నిద్ర.

సేవల వ్యాపారానికి ప్రపంచ వాణిజ్య సంస్థ వారి 1995 నాటి గాట్స్ (సేవల వ్యాపార) ఒప్పందం నాలుగు మార్గాలను గుర్తించింది. మొదటి మార్గంలో మనిషి ఇక్కడే ఉంటాడు, పని సరిహద్దు దాటుతుంది. మాదాపూర్‌లో రాత్రి పదకొండున్నరకు, పసిపిల్ల లేస్తుందని వంటింట్లో కుక్కరు పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని, "యామ్ ఐ ఆడిబుల్?" అని గుసగుసలాడే ఇంజనీరే ఈ మార్గానికి జాతీయ రహదారి. నవంబరులో అమెరికావారు గడియారాన్ని గంట వెనక్కి తిప్పుకుని హాయిగా మరో గంట పడుకుంటారు. ఇక్కడ అదే మీటింగు పన్నెండున్నరకు జరుగుతుంది. ఆ గంటను ఎగుమతిగా చూపాలో, విరాళంగా చూపాలో రిజర్వు బ్యాంకు తేల్చాలి.

నాలుగో మార్గంలో మనిషినే పంపుతాం. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించాక ఈ దారి ఇరుకైంది. వీసా కోరుతూ 11, వచ్చాక 108 ప్రదక్షిణలతో సరిపెట్టుకునే చిలుకూరు బాలాజీకి ఎగుమతుల ప్రోత్సాహక మండలి హోదా ఇవ్వడంలో ఇంకా జాప్యమెందుకో అర్థం కాదు.

దేశ ఆదాయంలో సగానికి పైగా సేవలదే అయినా, వాటిలో ఉపాధి పొందేవారు పనిచేసేవారిలో మూడో వంతు కూడా లేరని కొందరు సణుగుతున్నారు. సగానికి కాస్త తక్కువ మంది ఇంకా సేద్యాన్నే నమ్ముకుని, పొద్దుగూకగానే రెండు ముద్దలు తిని పడుకుంటుంటే, వృద్ధి వారి గుమ్మం తొక్కలేదని నిందించడం ఏం న్యాయం? వృద్ధి వచ్చే వేళకు వారు మేలుకుని ఉండాలి కదా.

అసలు ప్రమాదం కృత్రిమ మేధ. దానికి నిద్రే లేదు. అంటే ముడిసరుకు ఖర్చు లేకుండా మన సరుకునే చవకగా అమ్ముతోంది. విదేశీ సరుకు అన్యాయంగా చవకగా వచ్చిపడితే వేసే యాంటీ డంపింగ్ సుంకాన్ని దానిపై తక్షణమే విధించాలి. విచారణను మాత్రం పగటిపూట పెట్టవద్దని మనవి. మా సాక్షులందరూ ఆ వేళ కునుకు తీస్తుంటారు.