కంచ గచ్చిబౌలి: అసలు తేదీ మార్చి 15

కంచ గచ్చిబౌలి కథ ఎవరు చెప్పినా 2025 మార్చి 30తోనే మొదలుపెడతారు. ఆ రోజు ఉగాది, మర్నాడు రంజాన్. కోర్టులకు సెలవులు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న 400 ఎకరాల్లోకి రాష్ట్ర ప్రభుత్వం తరఫున జేసీబీలు దిగాయి. రాత్రిపూట లైట్లు పెట్టి మరీ చెట్లు కూల్చారు. నెమళ్ల అరుపుల వీడియోలు మన ఫోన్లకు చేరేసరికే సగం పని అయిపోయింది.

అయితే చూడాల్సిన తేదీ అది కాదు, మార్చి 15. అడవిలా ఉన్న భూములను గుర్తించడానికి నెలలోగా నిపుణుల కమిటీలు వేయాలని అన్ని రాష్ట్రాలనూ సుప్రీంకోర్టు మార్చి 4న ఆదేశించింది. తెలంగాణ 15న కమిటీ వేసింది. గుర్తించే పని మొదలే కాలేదు, నరికే పని మొదలైంది. ఏప్రిల్ 3న పనులు ఆపిస్తూ కోర్టు అడిగిందీ ఇదే: అంత తొందర ఏమొచ్చింది?

ఈ భూమి ఉన్న సర్వే నంబర్ 25 రెవెన్యూ రికార్డుల్లో ఎన్నడూ అడవి కాదన్నది ప్రభుత్వ వాదన. రికార్డు మాట నిజమే కావచ్చు. కానీ భూమి ఎవరిదైనా, నిఘంటువు అర్థంలో అడవి అయితే అడవిగానే చూడాలని గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. దాదాపు ముప్ఫై ఏళ్లయినా ఆ లెక్క ఎందుకు తేలలేదు? అడవి అని రాస్తే కేంద్రం అనుమతి కావాలి, నరికినదానికి బదులు వేరేచోట మొక్కలు పెంచడానికి డబ్బు కట్టాలి. రాయకపోతే వేలం వేసుకోవచ్చు. 2023లో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఇంతకన్నా కారణం వెతకక్కర్లేదు.

విద్యార్థులు గొడవ చేయకపోతే ఆ భూమిలో ఇవాళ ఒక్క చెట్టూ మిగిలేది కాదని నా నమ్మకం. వాళ్లు లాఠీలు తిన్నారు, కేసులు మోశారు. (ఈ నరికివేతపై ఏఐతో గిబ్లీ కార్టూన్ల శైలిలో చేసిన బొమ్మ రీపోస్ట్ చేసినందుకు ఒక ఐఏఎస్ అధికారికి కూడా నోటీసు వెళ్లింది!) అయినా సుమారు 100 ఎకరాలు పోయాయి. పోయిన అడవిని తిరిగి పెంచకపోతే అధికారులను అక్కడే తాత్కాలిక జైల్లో పెట్టాల్సి వస్తుందని కోర్టు హెచ్చరించాక గానీ ప్రభుత్వం దారికి రాలేదు.

ఇది హైదరాబాద్ కాబట్టి, చుట్టూ కెమెరాలు ఉన్నాయి కాబట్టి మూడు నాలుగు రోజుల్లో ఆగింది. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల భూముల్లో (నీళ్లు నిలిచే చిత్తడి నేలల్లో) థర్మల్ ప్లాంటు వద్దన్నందుకు 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. పర్యావరణ అప్పీళ్ల అథారిటీ ప్లాంటు అనుమతిని రద్దు చేసిందీ ఆ రోజే. కాగితం మీద గెలుపు ఒక్కరోజు ముందు వచ్చి ఉంటే?

అందుకే ఇక అడగాల్సింది మార్చి 15న తెలంగాణ వేసిన ఆ కమిటీ జాబితాని. ఏ మండలంలో ఏయే సర్వే నంబర్లు తీసుకున్నారు, వేటిని వదిలేశారు, ఎందుకు వదిలేశారు? డ్రాఫ్ట్ దశలోనే తెలుగులో ఆన్‌లైన్‌లో పెట్టి, గ్రామసభల్లో చదివి వినిపించి, అభ్యంతరాలకు గడువు ఇవ్వాలి. పెట్టకపోతే ప్రతి జిల్లాలో ఆర్టీఐ వేయొచ్చు, పది రూపాయల పని. ధర్నా అంత ఊపు ఇందులో ఉండదు, టీవీ వాళ్లూ రారు. కానీ జేసీబీ రాకముందే చేయగలిగిన పని ఇదొక్కటే.