అసలు కదలకూడదు, పేరు చెరగకూడదు

సంక్రాంతికి ఊరొచ్చినవాళ్లు యువజన సంఘానికి ఏదైనా చేద్దామనుకుంటే, అటు కోనసీమలోనైనా ఇటు భీమవరం వైపైనా మొదట వచ్చే మాట బిల్డింగు. స్లాబు పడుతుంది, గుమ్మం పక్కన శిలాఫలకం వెలుస్తుంది. రెండేళ్లకు వాలీబాల్ నెట్ చిరిగితే కొనే దిక్కుండదు. సంఘాలు మూతపడేది ఈ ఏటేటి ఖర్చు దగ్గరే.

దీనికి దారి, అసలు ముట్టకుండా వడ్డీతోనే ఏటేటి ఖర్చు నడిపే శాశ్వత నిధి. ఆ పద్ధతిని మన పెద్దలు ఎప్పుడో రాతిలో చెక్కించి పెట్టారు. ద్రాక్షారామం భీమేశ్వరాలయ శాసనాల్లో అఖండ దీపానికి ఇచ్చిన దానాలు చూడండి. దాత పశువుల మందను ఇస్తాడు. దాన్ని ఒక బోయకు, అంటే మంద కాపరికి, అప్పగించి, అతనూ అతని సంతతీ నిత్యం మానెడు నెయ్యి గుడికి పోయాలని రాయిస్తాడు. మంద అసలు, నెయ్యి రాబడి. దాత పేరుతోపాటు బాధ్యుడి పేరూ, కొలతా అదే రాతి మీద ఉంటాయి.

సంఘం లెక్కా ఇంతే. కోచ్‌కు నెలకు 6,000 చొప్పున ఏడాదికి 72,000, బంతులూ నెట్లకు 18,000, పేపర్లూ కరెంటుకు 30,000 అనుకుంటే మొత్తం 1,20,000 రూపాయలు. బ్యాంకు 7 శాతం వడ్డీ ఇస్తే 17 లక్షల పైచిలుకు చాలనిపిస్తుంది. దెబ్బతినేది ఇక్కడే. ధరలు పెరుగుతాయి, అసలు మాత్రం అక్కడే ఉంటుంది. 4 శాతం వాడుకుని మిగిలిన 3 శాతం అసలులో కలపాలి. అప్పుడు ఏటి ఖర్చుకు 25 రెట్లు, అంటే 30 లక్షలు కావాలి. అంత పోగవకపోతే కోచ్ జీతం ఒక్కదానికే 18 లక్షలతో మొదలుపెట్టడం మేలు. అరకొర నిధితో అన్నీ నెత్తినేసుకుంటే మూడో ఏడే అసలు మీద చెయ్యి పడుతుంది.

పన్ను సంగతి ముందే చూసుకోవాలి. పన్ను మినహాయింపు కోసం సేవా సంస్థగా ఆదాయపు పన్ను శాఖలో నమోదైన సంఘం ఏటి ఆదాయంలో 85 శాతం ఆ ఏడే ఖర్చు చేయాలి. 15 శాతానికి మించి మిగల్చాలంటే ఏ పనికో ముందుగా ఆదాయపు పన్ను శాఖకు తెలపాలి. కాబట్టి ఆడిటరుతో మాట్లాడాకే ఎంత కలపాలో తేల్చుకోండి. ఈ విరాళం మూలధనానికే, అంటే అసలులోకే, అని దాత రాసిచ్చిన ఉత్తరం తప్పనిసరి. అది లేకపోతే విరాళం మామూలు ఆదాయం కింద పడుతుంది. నగదు రూపంలో 2,000 దాటితే దాతకు ఆ విరాళం మీద ఆదాయపు పన్ను మినహాయింపు రాదు.

డెల్టాలో నిధులు మునిగే తీరు ఒకటుంది. బ్యాంకులో 7 శాతమేనా, రెండు రూపాయల వడ్డీకి తిప్పితే ఏడాదికి 24 శాతం కదా అని ఎవరో అంటారు. డబ్బు తెలిసినాయన రొయ్యల చెరువుకు వెళ్తుంది. తెల్లమచ్చ వ్యాధి వచ్చి చెరువు పోతుంది. ఊళ్లో అందరూ బంధువులే, నోటు మీద కోర్టుకెక్కేదెవరు? అందుకే డిపాజిట్ సంఘం పేరునే ఉండాలి, కోశాధికారి పేరున కాదు. ముగ్గురిలో ఇద్దరి సంతకాలుండాలి, అందులో ఒకరు దాతల తరఫువారు కావాలి. మూడింట రెండొంతుల సభ్యులు సభలో ఒప్పుకుంటే తప్ప అసలు తీయకూడదని బైలాలోనే రాయాలి.

ఇక పేర్లు. మనిషి తన తల్లిదండ్రుల పేరు ఊళ్లో నిలవాలనుకోవడంలో తప్పేమీ లేదు, ఆ కోరికకు మర్యాద దక్కాలి. అయితే మొత్తాల వరసలో రాస్తే 5,000 ఇచ్చిన కూలి కుటుంబం అట్టడుగుకు పోతుంది. అక్షరక్రమమే న్యాయం. ఉప్పుగాలికి పెయింటు అక్షరాలు నిలవవు, నల్లరాయి మీద చెక్కించాలి. చెక్కేముందు పేరు, ఇంటిపేరు, ఎవరి జ్ఞాపకార్థమో కాగితం మీద రాసి దాత కుటుంబంతో సంతకం పెట్టించుకోవాలి. కీర్తిశేషుల పేరులో ఒక్క అక్షరం తప్పినా ఆ ఇంటివాళ్లు మళ్లీ ఆ గుమ్మం తొక్కరు. గుప్తదానమైతే ఫలకం మీద పేరు వద్దు గానీ, పేరూ చిరునామా రిజిస్టరులో ఉండి తీరాలి. అవి లేని విరాళాలు పరిమితి దాటితే 30 శాతం పన్ను పడుతుంది.

ఫలకం కింద ఒక అద్దాల చట్రం బిగించండి. ఏటా భోగికి ముందు ఆ ఏటి వడ్డీ ఎంత, ఎవరి నిధి నుంచి ఏ నెల కోచ్ జీతం వెళ్లింది, ఎన్ని బంతులు కొన్నారు అన్న కాగితం అందులో మారుస్తూ ఉండాలి.