అల్లుడుగారు కాఫీకి వెళ్లారు

యుద్ధాలను మలుపు తిప్పిన ఆయుధాల్లో ఇన్నాళ్లూ ఫిరంగి, ట్యాంకు, విమానం గురించే చెప్పుకున్నాం. చరిత్రకారులు దయచేసి కాఫీని కూడా చేర్చుకోవాలి. 2023 డిసెంబరు 14న బ్రస్సెల్స్‌లో ఐరోపా సమాఖ్య నేతలు 27 మందీ కూర్చున్నారు. ఉక్రెయిన్‌తో సభ్యత్వ చర్చలు మొదలుపెట్టాలా వద్దా అన్నది విషయం. 26 మంది సరేనన్నారు. హంగరీ ప్రధాని విక్టర్ ఓర్బాన్ ససేమిరా అన్నారు. అందరూ ఒప్పుకుంటే తప్ప అక్కడ ఫైలు కదలదు. అప్పుడు జర్మనీ ఛాన్సలర్ ఓలాఫ్ షోల్జ్‌కి ఓ ఉపాయం తట్టింది. కాసేపు అలా బయటికెళ్లి కాఫీ తాగి రాకూడదా అన్నారు. ఓర్బాన్ లేచి వెళ్లారు. గదిలో లేని మనిషి అడ్డు చెప్పలేడు కదా! ఆయన తిరిగొచ్చేసరికి పనైపోయింది.

మన పెళ్లిళ్లలో అలకపాన్పు ఎక్కిన అల్లుణ్ణి చూసినవాళ్లకు ఇందులో కొత్తేమీ ఉండదు. అలక తీరాలంటే స్కూటరో, ఉంగరమో పెట్టాలి. ఇక్కడా పెట్టారు. న్యాయవ్యవస్థ సరిగా లేదని సమాఖ్య హంగరీకి ఆపి ఉంచిన నిధుల్లో సుమారు 1,000 కోట్ల యూరోలు సరిగ్గా ముందురోజే విడుదలయ్యాయి. (అక్కడి న్యాయవ్యవస్థ బాగుపడిందని ఆ రోజే తెలిసిందట. కాకతాళీయం.) ఇంతా పెడితే, అదే రాత్రి ఉక్రెయిన్‌కు ఇవ్వాల్సిన 5,000 కోట్ల యూరోల సాయానికి అల్లుడుగారు మళ్లీ మోకాలడ్డారు. అది ఫిబ్రవరి దాకా తెమల్లేదు. ఒక కాఫీకి ఒక ఫైలే అని ఎవరూ ముందే చెప్పలేదు పాపం.

ఐరోపా నిద్ర లేచిందని 2022 నుంచి వింటున్నాం. లేచింది, నేనూ ఒప్పుకుంటాను. ఉక్రెయిన్ మీద దాడికి నెల ముందు, రష్యా సైన్యం సరిహద్దులో గుడారాలు వేసుకుని కూర్చుంటే, జర్మనీ 5,000 హెల్మెట్లు ఇస్తామంది. తర్వాత ఏం పంపుతారు, దిండ్లా అని అడిగారు ఉక్రెయిన్ రాజధాని కీవ్ మేయర్, ఒకప్పటి హెవీవెయిట్ బాక్సర్ విటాలీ క్లిచ్‌కో. అదే జర్మనీ దాడి జరిగిన మూడు రోజులకల్లా తన సైన్యానికి 10,000 కోట్ల యూరోల ప్రత్యేక నిధి ప్రకటించింది. అంతకు ముందు ఏడాది ఆ దేశం దిగుమతి చేసుకున్న గ్యాస్‌లో సగానికి పైగా రష్యాదే. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం మనకు తెలిసిందే. ఇక్కడ అగ్గిపెట్టె డబ్బులు కూడా ఇంటాయనే ఇచ్చాడు.

సరే, గునపం అందుకున్నారు. 2025 మార్చిలో సమాఖ్య పాలన చూసే ఐరోపా కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లెయెన్ 80,000 కోట్ల యూరోల రక్షణ ప్రణాళిక తెచ్చి ‘రీఆర్మ్ యూరప్’ అని పేరు పెట్టారు. పేరు మరీ కరుగ్గా ఉందని ఇటలీ, స్పెయిన్ నొచ్చుకున్నాయి. నెల తిరక్కుండా రెండో బారసాల చేసి ‘రెడీనెస్ 2030’ అన్నారు. అప్పటిదాకా ఆగుతానని రష్యా ఎవరికి మాటిచ్చిందో! ఏడాదిలో పది లక్షల ఫిరంగి గుండ్లు ఇస్తామని 2023లో అన్నారు, గడువుకి సగమే చేరాయి. సంఘీభావ ప్రకటనలకు మాత్రం ఏనాడూ కొరత రాలేదు.

2025 జూన్‌లో హేగ్‌లో అమెరికా, ఐరోపా దేశాల సైనిక కూటమి నాటో సభ్యదేశాలు 2035కల్లా జీడీపీలో 5 శాతం రక్షణకు పెడతామన్నాయి. అందులో 3.5 శాతం సైన్యానికి. మిగతా 1.5 శాతంలో రోడ్లు, వంతెనలు కూడా రాసుకోవచ్చు. సిసిలీ దీవిని ఇటలీ ప్రధాన భూభాగంతో కలుపుతూ మెస్సీనా జలసంధి మీద వంతెన కట్టాలన్నది దశాబ్దాల కల, ఖర్చు 1,350 కోట్ల యూరోలు. ఆ వంతెన రోమ్‌లో కొందరికి ఉన్నట్టుండి సైనిక అవసరంగా కనిపించింది. పంట రుణంతో కూతురి పెళ్లి చేసి పద్దులో ఎరువులని రాసిన మా పెదనాన్న ఉంటే ఎంత మురిసిపోయేవాడో.

ఈ మొత్తంలో నిజంగా చెమటోడ్చింది పుతిన్. నాటో తన గుమ్మం దగ్గరికి రాకూడదని యుద్ధానికి దిగి, రష్యాతో 1,340 కిలోమీటర్ల సరిహద్దున్న ఫిన్లాండ్‌ను, రెండొందల ఏళ్లుగా తటస్థంగా ఉన్న స్వీడన్‌ను ఆయనే అందులో చేర్పించారు. ఏ ఎల్ఐసీ ఏజెంటూ ఇంత పెద్ద పాలసీలు కట్టించి ఉండడు.

ఫిన్లాండ్ మీద జోకులు వేయడం కష్టం. హెల్సింకీలో ఇటాకెస్కుస్ అనే చోట కొండరాయి తొలిచి కట్టిన ఈతకొలను ఉంది. పిల్లలు నీళ్లలో కేరింతలు కొడుతుంటారు. అవసరమొస్తే నీళ్లు తోడేసి, వేలమంది తలదాచుకునే షెల్టర్‌గా మార్చేస్తారు. ఇలాంటివి 72 గంటల్లో సిద్ధం కావాలన్నది అక్కడి నియమం.

72 అంకె బ్రస్సెల్స్‌కి కూడా నచ్చింది. ఆపదొస్తే పనికొచ్చేలా ప్రతి ఇంట్లో 72 గంటలకు సరిపడా సామాను ఉంచుకోమని 2025 మార్చిలో చెప్పారు. కమిషనర్ హజ్జా లహ్‌బీబ్ నవ్వుతూ తన హ్యాండ్‌బ్యాగ్ తెరిచి ఒక్కొక్కటీ వీడియోలో చూపించారు. లైటరు, చాకు, టార్చి, చిన్న రేడియో, చివర్లో పేకముక్కలు.

2022 ఫిబ్రవరిలో కీవ్ పడిపోవడానికి కూడా చాలామంది పెద్దలు ఇచ్చిన గడువు 72 గంటలే. అక్కడివాళ్లు సంచిలో పేకముక్కలు పెట్టుకున్నారో లేదో ఎవరూ వీడియో తీయలేదు.