రసీదు లేని ఫీజు, రుజువు లేని ఫిర్యాదు

కనిగిరి కోర్టులో మా పెద్దనాన్నకు ఒక పొలం దావా ఉండేది. వాయిదా ఉన్నరోజు తెల్లారకముందే లేచి, కాగితాలన్నీ బట్టల షాపు కవర్లో చుట్టుకుని బస్సెక్కేవాడు. కోర్టు వరండాలో ప్లీడరు గుమాస్తా ఎదురొచ్చి, "ఇయ్యాల లేదు పెద్దాయనా, వచ్చే నెల రా" అని ఓ తేదీ చెప్పేవాడు. అతని చేతిలో రెండొందలు పెట్టి తిరిగొచ్చేవాడు. ఒక సంక్రాంతికి మా తమ్ముడు ఫోన్లో ఈ-కోర్ట్స్ యాప్ తెరిచి కేసు నంబరు కొడితే అసలు సంగతి తెలిసింది. వాది తరఫున ఎవరూ హాజరు కాలేదని దావా కొట్టేసి అప్పటికే పద్నాలుగు నెలలు. అలాంటి దావాను తిరిగి తెరిపించుకోవడానికి గడువు 30 రోజులే. అది దాటితే ఆలస్యాన్ని మన్నించమని వేరే పిటిషన్, వేరే ప్లీడరు, మళ్లీ ఫీజు.

ఆ ప్లీడరు మీద ఫిర్యాదు చెయ్యమని అందరూ అన్నారు. చేయొచ్చు. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు రాస్తే, పస ఉందనుకున్న ఫిర్యాదు ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ కమిటీకి వెళుతుంది. మందలింపు నుంచి లాయర్ల రోల్‌లో (జాబితాలో) పేరు తీసేయడం దాకా శిక్షలున్నాయి. ఏడాదిలో తేల్చకపోతే కేసు ఢిల్లీలోని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ అవుతుంది. అమరావతే దూరమనుకునే కనిగిరి రైతుకు ఇది ఊరటా, శిక్షా? వినియోగదారుల కమిషన్‌కు పోదామంటే, లాయర్ల సేవలు ఆ చట్టం కిందికి రావని 2024 మేలో సుప్రీంకోర్టు తేల్చేసింది.

అయినా నా తగువు దూరంతో కాదు. అసలు పెద్దనాన్న ఫిర్యాదులో ఏం రాస్తాడు? ఎంత ఇచ్చాడో రసీదు లేదు. తేదీలన్నీ నోటిమాటలు. సంతకం పెట్టింది ఖాళీ వకాలత్ మీద, అంటే తన తరఫున వాదించమని ప్లీడరుకిచ్చే కాగితం మీద. "ఫీజు ఇవ్వలేదు, మళ్లీ కనబడలేదు" అని ఆ ప్లీడరు ఒక్కమాట అంటే ఈయన దగ్గర జవాబు లేదు. కక్షిదారు డబ్బుకు లెక్క రాయాలని, అడిగితే నకలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లోనే ఉంది. అడిగేవాడేడీ?

హైవే ప్రమాదాల నష్టపరిహారం కేసుల్లో ఇది ఇంకో రకం. కావలి, సింగరాయకొండ వైపు ఎవరినడిగినా, వచ్చినదాంట్లో ఇంత శాతం అని ముందే మాట్లాడుకుంటారని చెబుతారు. గెలిస్తే వాటా అనే ఫీజును నియమాలు నిషేధించాయి. కానీ ఒప్పుకున్నది తానే కాబట్టి, మోసం జరిగినా కక్షిదారు నోరెత్తడు.

ఓడిపోయిన కసితో, ఎదుటి పార్టీ ప్లీడరు మీద కూడా రాసేవాళ్లు లేకపోలేదు. నిజాయితీగా పనిచేసేవాళ్లు అలాంటప్పుడు నలిగిపోతారు. వాళ్లకైనా ఆదుకునేది రసీదు పుస్తకమే. వకాలత్ తీసుకున్నరోజే ఫీజు రసీదు, కేసు నంబరు పడ్డాక దాన్ని రాసిన చీటీ ఇవ్వాలని ఒంగోలు, నెల్లూరు బార్ అసోసియేషన్లు అనుకుంటే చాలు. కొత్త చట్టమేం అక్కర్లేదు.

ఫీజు బాకీ ఉన్నా ప్లీడరు కక్షిదారు ఫైలు ఆపకూడదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. పెద్దనాన్నకు మాత్రం పాత ప్లీడరు దగ్గర్నుంచి కేసు కాగితాల కట్ట చేతికి రావడానికి నాలుగుసార్లు తిరగాల్సి వచ్చింది. కొత్త ప్లీడరుకు మొదటి విడత ఇచ్చేటప్పుడు రసీదు అడగమన్నాను.

"బాగుండదురా" అన్నాడు.