మునిగిన నౌకకు పునర్జన్మ

యుద్ధక్రీడ అంటే, యుద్ధాన్ని ముందుగానే బల్ల మీద ఆటగా ఆడి చూసుకోవడం; ప్రష్యా సైన్యం 1824లోనే తన అధికారుల శిక్షణ కోసం స్వీకరించిన గంభీరమైన విద్య. ఓటమి ఏదో బల్ల మీదే చవిచూస్తే రణరంగంలో దాని బారిన పడకుండా జాగ్రత్తపడవచ్చునన్నది అందులోని సూత్రం. సూత్రం నిక్షేపంగా ఉంది. చిక్కల్లా, ఆ బల్ల దగ్గర కూర్చునే పెద్దలకు అక్కడ కూడా ఓడిపోవడం ఇష్టం లేకపోవడమే.

1942 మే నెలలో జపాన్ నౌకాదళం, పసిఫిక్ సముద్రంలో అమెరికా స్థావరమైన మిడ్‌వే దీవి మీద తన దండయాత్రను యమాటో అనే యుద్ధనౌక మీద ముందుగా ఆడి చూసుకుంది. న్యాయనిర్ణేత పాచికలు వేశాడు. శత్రువు బాంబులు తొమ్మిది తగిలాయి. అకాగి, కాగా అనే రెండు విమానవాహక నౌకలు మునిగిపోయాయి. అప్పుడు ఆటకు అధ్యక్షత వహిస్తున్న రియర్ అడ్మిరల్ ఉగాకి కలగజేసుకుని, తగిలినవి మూడేనని సెలవిచ్చారు. మిగిలిన ఆరు ఎటు పోయాయని అడగడం క్రమశిక్షణ అనిపించుకోదు. అకాగి స్వల్ప నష్టంతో బతికి బట్టకట్టింది. ‘కాగా’ నౌక మునిగిన మాట మాత్రం ఒప్పుకున్నారు గానీ, మునిగినంత మాత్రాన విధులకు ఎగనామం పెడితే ఎలా? ఫిజీ, న్యూ కాలెడోనియాలను పట్టుకునే తరువాతి అంకానికి అది సముద్రగర్భం నుంచి లేచి, నీళ్లు విదిలించుకుని, సెలవు ముగిసిన గుమాస్తాలా వేళకు హాజరైంది.

జూన్ 4న అమెరికా డైవ్ బాంబర్లు ఉగాకి గారి అభిప్రాయం కనుక్కోకుండానే వచ్చాయి. పోయినవి రెండు కావు, నాలుగు విమానవాహక నౌకలు. చచ్చినవాళ్లు మూడు వేల మందికి పైగా. వాళ్లను ఏ అధ్యక్షుడు లేపాడు? పాచికలు తమ పని తాము చేశాయి. ఆరు బాంబులను నోటిమాటతో కొట్టేసినవాడిదీ, అది చూస్తూ చేతులు కట్టుకుని నిలబడిన మేధావులదీ ఆ పాపం, ఇంకెవరిదీ కాదు.

ఈ విద్య అరవయ్యేళ్లకు మరింత ఖరీదైంది. 2002లో అమెరికా సుమారు 25 కోట్ల డాలర్లతో 'మిలీనియం ఛాలెంజ్' అనే యుద్ధక్రీడ ఆడింది. శత్రుపక్షం వహించిన విశ్రాంత జనరల్ పాల్ వాన్ రైపర్, రేడియోలు మాని మోటార్‌సైకిళ్ల మీద కబుర్లు పంపి, క్షిపణులతోనూ చిన్న పడవలతోనూ ఒక విమానవాహక నౌకతో కలిపి పదహారు నౌకలను ముంచేశాడు. యథావిధిగా నౌకలన్నీ తేలాయి. ఆపైన, తన విమాన విధ్వంసక రాడార్లను దాచకుండా దాడికి అనువుగా పెట్టాలని శత్రువుకే ఆజ్ఞ వెళ్లింది. అతడు విసిగి మధ్యలోనే తప్పుకున్నాడు. ఏడు నెలలకు అదే సైన్యం ఇరాక్‌లో అడుగుపెట్టింది. అక్కడ రోడ్ల పక్కన బాంబులు పాతినవాళ్లకు ఆట నిబంధనల ప్రతి ఎవరూ పంపలేదు.