ఫోన్‌లో పేజీ పట్టకపోతే ముందు బ్రౌజర్‌ని తిట్టకండి

వెబ్‌సైట్ ఫోన్‌లో సరిగ్గా కనబడేలా చూసే బాధ్యత డిజైనర్‌దా, బ్రౌజర్‌దా? ఈ పంచాయితీ ఎప్పటికీ తెగేలా లేదు. "కోట్ల పేజీలను ఒక్కొక్కరూ కూర్చుని సరిచేసే బదులు, ఆ నాలుగు బ్రౌజర్లూ కాస్త తెలివి పెంచుకుంటే సరిపోదా?" అంటారు కొందరు. వినడానికి బాగానే ఉంటుంది. బ్రౌజర్లు ఆ పని చేసి చూశాయి కూడా, ఏళ్ల తరబడి. నా మాట సూటిగా చెప్పేస్తా: పేజీని ఇరుకు తెరలో పట్టించడం డిజైనర్ పని. ఆ పేజీ మీద చదివేవాళ్లకున్న హక్కును డిజైనర్ లాక్కోకుండా అడ్డుపడడం బ్రౌజర్ పని. ఒకరి పని ఇంకొకరు నెత్తినేసుకున్నప్పుడే గొడవలన్నీ.

అందరూ మర్చిపోయే సంగతి ఒకటుంది. సీఎస్ఎస్ (పేజీ రూపం ఎలా ఉండాలో చెప్పే కోడ్) ఒక్క ముక్క కూడా రాయకుండా ఒక శీర్షిక, పది పేరాలు, నాలుగు లింకులున్న ఉత్త హెచ్‌టీఎమ్‌ఎల్ (పేజీలో ఏముందో చెప్పే కోడ్) పేజీని కంప్యూటర్‌లో తెరవండి. విండో అంచు పట్టుకుని మూడో వంతుకు కుదించండి. వాక్యాలు వాటంతటవే మడతపడి కిందికి దిగుతాయి. ఏదీ అంచు దాటదు. వెబ్ పుట్టుకే అలాంటిది. తర్వాత మనమే వచ్చి, బయటి డబ్బాకి వెడల్పు 960 పిక్సెళ్లు అని మేకు కొట్టాం. అప్పట్లో మానిటర్లు ఎక్కువగా 1024 వెడల్పువి. పైగా 960ని 12 కాలమ్‌లుగానో 16 కాలమ్‌లుగానో శేషం లేకుండా విడగొట్టొచ్చు. బాగున్న దాన్ని పాడుచేసింది బ్రౌజర్ కాదన్నమాట.

2007లో ఐఫోన్ వచ్చేసరికి దాని బ్రౌజర్ సఫారీ ముందున్నది ఈ మేకులు కొట్టిన వెబ్. తెర వెడల్పు చూస్తే 320. ఆపిల్ ఒక అబద్ధంతో పని కానిచ్చింది. తెర 980 వెడల్పు ఉన్నట్టు పేజీకి చెప్పి, ఆ వెడల్పులో దాన్ని పరిచి, మొత్తాన్ని 320కి కుదించి చూపించింది. అంటే దాదాపు మూడో వంతుకు. 16 పిక్సెళ్ల అక్షరం 5 పిక్సెళ్ల పైచిలుకుకి వచ్చేస్తుంది. చదవడం కుదరదు కాబట్టి, వేలితో రెండుసార్లు తడితే ఆ కాలమ్ తెర నిండా వచ్చే ఏర్పాటు. ఈ అబద్ధం మాకొద్దు అనుకునే పేజీల కోసం వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ పెట్టింది: వెడల్పు డివైస్-విడ్త్, ఇనీషియల్-స్కేల్ 1, అంటే తెర అసలు వెడల్పులోనే పరువు, కుదించకు అని. ఇవాళ ప్రతి పేజీ తలలోనూ మనం కాపీ కొట్టే ఆ ఒక్క లైను కథ ఇది.

ఇందులో బ్రౌజర్ల తప్పూ ఉంది, దాచను. ఇందాకటి ఉత్త పేజీ ఏ వెడల్పుకైనా మడుగుతుంది కదా. ట్యాగ్ లేదన్న ఒక్క కారణంతో దాన్ని కూడా ఫోన్ 980లో పరిచి చీమతలకాయంత అక్షరాలతో చూపిస్తుంది. ఆండ్రాయిడ్ క్రోమ్‌లోనూ అదే 980. మేకులు కొట్టినవాళ్లను కాపాడబోయి, కొట్టనివాళ్లకు శిక్ష వేశారు. వెడల్పు గురించి ఒక్క ముక్క కూడా రాయని పేజీని తెర వెడల్పులోనే పరిస్తే పోయేదేముంది?

బ్రౌజర్ తెలివితోనే నెట్టుకొద్దామని అందరికంటే గట్టిగా ప్రయత్నించింది ఒపెరా. ఐఫోన్ ఊసే లేని రోజుల్లో పక్కపక్కన ఉన్న కాలమ్‌లను విడదీసి ఒకదాని కింద ఒకటి పేర్చి చూపించింది. తర్వాత ఒపెరా మినీ వచ్చింది. పేజీని సర్వర్‌లో వండి, నలిపి, చిన్న పొట్లంగా ఫోన్‌కి పంపేది. తెలుగు ఫాంటే లేని ఫోన్లలో కూడా, సెట్టింగుల్లో సంక్లిష్ట లిపులకు బిట్‌మ్యాప్ ఫాంటు అన్న ఒక్కటి మారిస్తే అక్షరాలు బొమ్మలుగా వచ్చి, డబ్బాలు డబ్బాలుగా కాకుండా చదవడానికి వీలయ్యేది. ఆ మేలు మర్చిపోకూడదు. కానీ అది ఫోన్ అశక్తతకు మందు. పేజీ నిర్మాణంలో లోపానికి కాదు.

ఎందుకు కాదో ఒక టేబుల్‌ని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఒకప్పుడు పేజీని ఎడమ మెనూ, మధ్య విషయం, కుడి ప్రకటనలుగా కోయడానికి టేబుల్ ట్యాగ్ వాడేవారు. నిజమైన అంకెల పట్టికకీ అదే ట్యాగ్. మొదటి రకాన్ని విప్పి నిలువుగా పేర్చితే హాయిగా చదువుకోవచ్చు. రెండోదాన్ని అలాగే విప్పితే, నాలుగో గడిలోని 42 ఏ వరుసది, ఏ శీర్షిక కిందిదో ఎవరికీ తెలియదు. అది డిగ్రీలో, శాతమో, రూపాయలో? బ్రౌజర్‌కి గడులు కనిపిస్తాయి, గడిలో ఉన్నదాని అర్థం కనిపించదు. ఊహ నూటికి తొంభైసార్లు సరిపోయినా, తప్పిన పదిసార్లు తప్పిందని చదివేవాళ్లకు తెలియదు. నా భయమంతా దాని గురించే.

అక్షరాలు దానంతటదే పెంచే తెలివి కూడా అలాంటిదే. ట్యాగ్ లేని పేజీల్లో ఆండ్రాయిడ్ క్రోమ్ ఎక్కువ పాఠ్యం ఉన్న బ్లాకులను వెతికి పట్టుకుని అక్షరం పెద్దది చేస్తుంది. పాఠ్యం తక్కువున్న బ్లాకుల జోలికి పోదు. ఫలితం? వరసగా ఉన్న వ్యాఖ్యల్లో పొడుగ్గా రాసినవాళ్లది పెద్ద అక్షరం, రెండు ముక్కలు రాసినవాళ్లది చిన్న అక్షరం. డిజైనర్ సీఎస్ఎస్ అంతా గాలిస్తాడు, అక్కడేమీ ఉండదు. ఐఫోన్‌ని అడ్డంగా తిప్పితే అక్షరాలు ఉబ్బడం కూడా ఈ బాపతే. సీఎస్ఎస్‌లో టెక్స్ట్-సైజ్-అడ్జస్ట్ 100 శాతం అని (సఫారీ కోసం ముందు -వెబ్‌కిట్- తగిలించి కూడా) రాస్తే రెండూ ఆగుతాయి. ఊహించే యంత్రాన్ని ఊహించొద్దని బతిమాలడం కూడా మన పనుల జాబితాలో చేరింది.

ఇక డిజైనర్ల వంతు. అసలు చీవాట్లు ఇక్కడే పడాలి.

ఒక ఫారం తీసుకోండి. ఇన్‌పుట్ గడిలో అక్షరం సైజు 14 పిక్సెళ్లు అని రాశారు. ఐఫోన్‌లో ఆ గడిని తాకగానే పేజీ మొత్తం జూమ్ అయి పక్కకి జరుగుతుంది. 16 కంటే చిన్న అక్షరంలో టైప్ చేయడం కష్టమని సఫారీ చేసే సాయం అది. ఇది నచ్చని డిజైనర్ ఏం చేస్తాడు? గడిలో అక్షరం 16కి పెంచడు. వ్యూపోర్ట్ ట్యాగ్‌లో మాగ్జిమమ్-స్కేల్ 1, యూజర్-స్కేలబుల్ నో అని, అంటే ఇంకా పెద్దది చేయనివ్వొద్దని, తగిలిస్తాడు. గడి జూమ్ ఆగుతుంది. దాంతోపాటు కంటిచూపు తక్కువున్న మనిషి రెండు వేళ్లతో పెద్దది చేసుకునే దారీ మూసుకుపోతుంది. 2016లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 10 నుంచి ఆపిల్ ఈ నిషేధాన్ని లెక్కచేయడం మానేసింది: ట్యాగ్‌లో ఏం రాసినా వేళ్లతో జూమ్ అవుతుంది. ఆండ్రాయిడ్ క్రోమ్ మాత్రం మామూలుగా డిజైనర్ మాటే వింటుంది. యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో బలవంతంగా జూమ్ ఇచ్చే ఆప్షన్ ఉంది గానీ, అదక్కడ ఉందని తెలిసినవాళ్లు ఎందరు? ఈ ఒక్క విషయంలో ఆపిల్ చేసిందే రైటు. జూమ్ మీద డిజైనర్‌కి వీటో ఉండకూడదు.

అదే ఫారంలో ఫోన్ నంబరు గడికి టైప్ టెల్ అని, ఓటీపీ గడికి ఇన్‌పుట్‌మోడ్ న్యూమరిక్, ఆటోకంప్లీట్ వన్-టైమ్-కోడ్ అని రాస్తే అంకెల కీబోర్డు వస్తుంది, వచ్చిన కోడ్‌ని కీబోర్డే అందిస్తుంది. రాయకపోతే మామూలు కీబోర్డు. ఏ గడి దేనికో బ్రౌజర్ ఎలా కనిపెట్టాలి? మౌస్ మీద పెడితే తెరుచుకునే మెనూ కూడా అంతే. వేలికి మీద పెట్టడమనేది లేదు, నొక్కడమే. తాకగానే మెనూ తెరవాలా, లింకుకి వెళ్లిపోవాలా అని బ్రౌజర్ జుట్టు పీక్కుంటుంది. మెనూ తెరిచేదాన్ని లింకుగా కాకుండా బటన్‌గా రాస్తే ఆ సందేహమే రాదు. బటన్ల సైజుకి ఆపిల్ 44 పాయింట్లు, ఆండ్రాయిడ్ 48 డీపీలు అంటాయి. వెబ్ అందరికీ అందాలని పెట్టిన ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2.2 ప్రకారం కనీసం 24 పిక్సెళ్లు. నా మటుకు 24 అంటే వేలికి గోరే దిక్కు.

బటన్ల ఎత్తుని మాత్రం పిక్సెళ్లలో బిగించకండి. తెలుగులో 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి పదాలు పడగానే కింది వత్తు తెగిపోతుంది. చదివేవాళ్లు ఫోన్‌లో అక్షరం పెంచుకుంటే పై గుడి కూడా పోతుంది. ఎత్తు వదిలేసి, ప్యాడింగ్ (అక్షరాల చుట్టూ ఖాళీ) ఇచ్చి, లైన్-హైట్ (వరుస ఎత్తు) 1.6 దగ్గర పెడితే సరిపోయేదానికి ఎందుకీ తలకోత?

బొమ్మల దగ్గర మాత్రం ఇద్దరి పని పంపకం నాకు చాలా నచ్చింది. 4000 బై 3000 ఫొటోకి మాక్స్-విడ్త్ 100 శాతం, హైట్ ఆటో పెడితే తెరలో పడుతుంది, నిజమే. కానీ డౌన్‌లోడ్ తగ్గదు, విప్పాక మెమరీలో పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున 48 ఎంబీ తింటుంది. 390 వెడల్పున్న, మూడు రెట్ల సాంద్రత (ఒక్కో సీఎస్ఎస్ పిక్సెల్ వెడల్పులో మూడు చుక్కలు) తెరకి కావాల్సింది 1170 పిక్సెళ్లే. బొమ్మ ట్యాగ్‌లోని ఎస్ఆర్‌సీసెట్‌లో 400, 800, 1200, 1600 వెడల్పుల ఫైళ్లు రాసి, సైజెస్‌లో ఆ బొమ్మ తెరలో ఎంత చోటు తీసుకుంటుందో చెప్పండి. బ్రౌజర్ తెరని బట్టి ఏది దింపుకోవాలో తనే ఎంచుకుంటుంది. సైజెస్ తప్పక రాయాలి, ఎందుకంటే సీఎస్ఎస్ వచ్చేలోపే బ్రౌజర్ బొమ్మల వేట మొదలెడుతుంది. డిజైనర్ వడ్డిస్తాడు, బ్రౌజర్ ఎంత కావాలో అంత తీసుకుంటుంది.

ఫోన్ పేరు చూసి వేరే పేజీ పంపించే పాత పద్ధతి ఇంకా అక్కడక్కడా బతికే ఉంది. ఎమ్ డాట్‌తో మొదలయ్యే చిరునామాలు గుర్తున్నాయిగా. ఫోన్‌లో పంపిన లింకుని కంప్యూటర్‌లో తెరిస్తే మైదానం మధ్యలో సన్నటి రిబ్బను. కంప్యూటర్ లింకుని ఫోన్‌లో తెరిస్తే వ్యాసం బదులు హోమ్ పేజీ. 2019లో ఐప్యాడ్‌ఓఎస్ 13 రాగానే ఐప్యాడ్ సఫారీ తనని తాను మ్యాక్ అని చెప్పుకోవడం మొదలెట్టింది. పేరు చూసి పనిచేసే సైట్లన్నీ బోల్తా. 2010లోనే ఈథన్ మార్కాట్ రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అని పేరు పెట్టి మూడే దినుసులు చెప్పారు: శాతాల్లో గ్రిడ్, సాగే బొమ్మలు, మీడియా క్వెరీలు (తెర వెడల్పుని బట్టి మారే సీఎస్ఎస్ నియమాలు). పేరు కాదు, వెడల్పు చూడమని.

బ్రౌజర్లు నిజంగా అన్యాయం చేసిన చోటు ఇంకొకటి చెప్పకపోతే తప్పవుతుంది: సీఎస్ఎస్‌లోని 100 వీహెచ్ అనే ఎత్తు కొలత. ఎత్తు 100 వీహెచ్ అంటే తెర నిండా అనుకుంటాం. ఫోన్ బ్రౌజర్లు దాన్ని అడ్రస్ బార్ దాక్కున్నప్పటి ఎత్తుగా లెక్కేశాయి. పేజీ తెరిచినప్పుడు బార్ ఉంటుంది కదా, అంత మేర అడుగుభాగం తెర బయట. అడుగున ఉండేది సాధారణంగా "కొనసాగించు" బటనే. ఏళ్లపాటు జావాస్క్రిప్ట్‌తో కొలిచి అతుకులు వేశాం. 2022లో సఫారీ 15.4, తర్వాత క్రోమ్ 108 కొత్త కొలతలు తెచ్చాయి: ఎస్‌వీహెచ్ బార్ ఉన్నప్పటిది, ఎల్‌వీహెచ్ లేనప్పటిది, డీవీహెచ్ ఎప్పటికప్పుడు మారేది. అందరూ డీవీహెచ్ మీద పడ్డారు. స్క్రోల్ చేస్తుంటే పేజీ కదలడం ఇష్టమైతే అదే వాడండి. బటన్ కనబడితే చాలంటే ఎస్‌వీహెచ్ మేలు.

"ఫోన్‌లో చూశాం, బాగానే ఉంది" అనే మాటను నమ్మను. చాలాసార్లు చూసింది ఫోన్‌లో కాదు, పెద్ద మానిటర్ మీద డెవ్ టూల్స్‌లో (బ్రౌజర్‌లోనే ఉండే డెవలపర్ల పనిముట్లు) ఇరుకు చేసిన కిటికీలో. అక్కడ సగం తెర మింగే కీబోర్డు ఉండదు, అటూ ఇటూ జారే బొటనవేలు ఉండదు. పేజీ అడ్డంగా జరుగుతోందంటే దొంగలు ఎప్పుడూ ఆ కొందరే: తెగని పొడవాటి లింకు, టేబుల్, కోడ్ ముక్క, వెడల్పు బిగించిన ఐఫ్రేమ్ (పేజీలో ఇంకో పేజీని చూపే గడి), కుదించుకోనని మొండికేసే ఫ్లెక్స్ డబ్బా (పక్కపక్కన సర్దిన డబ్బాల్లో ఒకటి). లింకుకి ఓవర్‌ఫ్లో-ర్యాప్ ఎనీవేర్, అంటే ఎక్కడైనా తెగొచ్చని. టేబుల్‌నీ కోడ్‌నీ ఓవర్‌ఫ్లో-ఎక్స్ ఆటో ఉన్న డబ్బాలో పెట్టి, అక్కడికక్కడే జరగనివ్వండి. ఫ్లెక్స్ డబ్బా లోపలి విషయం కంటే చిన్నదవడానికి మామూలుగా ఒప్పుకోదు, దానికి మిన్-విడ్త్ 0. వీటిని వెతికే ఓపిక లేక బాడీకి (మొత్తం పేజీకి) ఓవర్‌ఫ్లో-ఎక్స్ హిడెన్ పెట్టేస్తారు చూడండి, అది చెత్తని తివాచీ కిందికి ఊడ్చడం. అంచు దాటిన భాగం కనబడదు, అక్కడికి వెళ్లే దారీ ఉండదు.

తప్పెవరిదో తేల్చడానికి ఫోన్ కూడా అక్కర్లేదు. కంప్యూటర్‌లో విండోని 1280 పిక్సెళ్ల వెడల్పుకి పెట్టి, జూమ్ 400 శాతం చేయండి. పేజీకి మిగిలేది సరిగ్గా 320. డబ్ల్యూసీఏజీ 2.1లోని రీఫ్లో నియమం అడిగేదీ ఆ వెడల్పులో అడ్డ స్క్రోల్ లేకుండా చదవగలగాలనే. పెద్ద పట్టికలకి, మ్యాపులకి మినహాయింపు ఉంది. అక్కడ పేజీ పగిలితే ఇక ఫోన్ బ్రౌజర్ మీద ఫిర్యాదు రాసే పని లేదు. డెవ్ టూల్స్ అక్కడే ఉంటాయి, అంచు దాటిన డబ్బాని పట్టుకుని దాని వెడల్పు ఎవరు రాశారో చూడండి.